విద్యార్థి రాసిన స్థానిక చరిత్ర: సేకరణ, రచన, ఆన్‌లైన్ ప్రచురణ

2021 నవంబరులో తిరుపతి పరిసరాల్లో కురిసిన వర్షాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు కారడం మొదలయ్యేసరికి దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లో పత్రికల్లోనూ టీవీల్లోనూ తరచుగా వినిపించిన మాట, ఇది ఐదు వందల ఏళ్ల నాటి చెరువని, రాయలవారి కాలంలో తవ్వించినదని. ఆ మాట తప్పని నేను అనడం లేదు. కానీ చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ మాటకు ఆధారం శాసనమా, రెవెన్యూ రికార్డా, లేక చెరువు పేరేనా? కట్ట ఇంతకుముందు ఎప్పుడైనా తెగిందా? తెగితే ఏ వైపు తెగింది, ఎవరు పూడ్చారు? మరవ ఎత్తు ఎప్పుడైనా మార్చారా? ఇవి చరిత్ర ప్రశ్నలే అయినా, అటువంటి రాత్రి ఇంజనీరుకు కూడా వీటి జవాబులు కావాలి.

ఆ వారంలో నాకు ఒక పాత ప్రాజెక్టు నివేదిక గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ల క్రితం ఒక కళాశాలకు పరీక్షాధికారిగా వెళ్లినప్పుడు చదివాను. రాసిన అమ్మాయి తాతగారు తమ ఊరి చెరువుకు నీరుగంటి. ఆయన తూములు ఎలా తెరిచేవాడో, ఏ మడికి ఎన్ని గంటల నీళ్లో, కట్ట ఏయే సంవత్సరాల్లో ఎక్కడ తెగిందో ఆ అమ్మాయి ఇరవై పుటల్లో చేతితో రాసింది, చేతితోనే ఒక పటం కూడా గీసింది. మంచి మార్కులు వేసి వచ్చాను. వరదల తరువాత ఆ నివేదిక కోసం కబురు పంపితే, స్టోరు గది ఖాళీ చేసినప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి వేశామని చెప్పారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. ఎక్కడైనా జరిగేది అదే. తాతగారు అప్పటికే లేరు. ఆ పుటలకు ఒక నకలు తీయించి ఉండాలన్న ఆలోచన పరీక్షాధికారినైన నాకు రాకపోవడం మాత్రం నా తప్పే.

ఇప్పుడు ఇటువంటి నివేదికలు వందల్లో కాదు, వేలల్లో తయారవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి అమలుచేసిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో సామాజిక సేవా ప్రాజెక్టు తప్పనిసరి అయింది. మొదటి సంవత్సరం తరువాత వేసవిలో విద్యార్థి 180 గంటలు ఒక గ్రామంలోనో వార్డులోనో సర్వే చేసి నివేదిక సమర్పించాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల కళాశాలల బీరువాల్లో ఉన్న ఈ నివేదికలను ఒకచోట చేరిస్తే మన పల్లెల గురించి ఎంత సమాచారం ఉంటుందో ఊహించండి. ఆ కాగితాలు చరిత్రకు ఆధారాలుగా మిగలాలంటే ఏమి కావాలో ఈ వ్యాసంలో చూద్దాం.

నోటుపుస్తకం నుంచి గ్రంథం దాకా

విద్యార్థులు తమ ఊళ్లను తామే పరిశోధించి రాయడం కంప్యూటర్లతో పుట్టిన పద్ధతి కాదు. మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1915లో గిల్బర్ట్ స్లేటర్ అనే ఆంగ్లేయుడు మద్రాసు విశ్వవిద్యాలయానికి భారత ఆర్థికశాస్త్ర ఆచార్యుడుగా వచ్చాడు. భారతదేశపు ఆర్థికశాస్త్రాన్ని ఇంగ్లండు పుస్తకాల నుంచి చెప్పడం అర్థంలేని పని అని అతనికి తొందరగానే తెలిసివచ్చింది. ఒక ప్రశ్నావళి తయారుచేసి, సెలవులకు ఇళ్లకు వెళ్లే విద్యార్థుల చేతికిచ్చాడు. ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎవరికి ఎంత భూమి, కూలి ఎంత, అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, ఏ వృత్తివాడు ఊరు విడిచి వెళ్లాడు - ఇలాంటి ప్రశ్నలు. విద్యార్థులు తెచ్చిన జవాబుల నుంచి ఎంపిక చేసినవి 1918లో పుస్తకంగా వెలువడ్డాయి. దక్షిణ భారత గ్రామాలపై వచ్చిన తొలి ఆర్థిక అధ్యయనాల్లో ఇది ఒకటి.

అందులో దూసి అనే ఊరు ఉంది. అది ఉత్తర ఆర్కాటు జిల్లాలోని గ్రామం. మన చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు కూడా 1911 దాకా ఆ జిల్లాలోనివే కదా. ఆ పుస్తకానికి తరువాత జరిగిన సంగతి గమనించండి. 1930లలో పి.జె.థామస్, కె.సి.రామకృష్ణన్‌ల ఆధ్వర్యంలో అవే గ్రామాలను మళ్లీ సర్వే చేసి 1940లో ప్రచురించారు. 1980లలో మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థకు చెందిన ఎస్.గుహన్ బృందం దూసికి మళ్లీ వెళ్లింది. అంటే డెబ్బై ఏళ్ల కిందట కళాశాల కుర్రవాళ్లు సెలవుల్లో రాసుకొచ్చిన అంకెలు కొలబద్దగా పనికివచ్చాయి. ఆ కుర్రవాళ్లు మహా పండితులేమీ కాదు. అయితే అందరూ ఒకే ప్రశ్నావళి వాడారు, తమకు తెలిసిన ఊరికే వెళ్లారు, రాసినది అచ్చయింది, గ్రంథాలయాలకు చేరింది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా తరువాతి వారికి పోల్చిచూసుకునే వీలుండేది కాదు.

ఇంకా వెనక్కి పోతే కైఫీయత్తులు. కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ ఇతర సహాయకులూ ఊరూరా తిరిగి, కరణాల దగ్గర ఉన్న కవిలెలు చూసి, పెద్దలను అడిగి గ్రామచరిత్రలు రాయించారు. కడప జిల్లా కైఫీయత్తులను సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. వాటిని చదివితే మీకు ఒక సంగతి తెలుస్తుంది: అందులో ఐతిహ్యమూ, రికార్డూ ఒకే వరుసలో కలిసిపోయి ఉంటాయి. ఏది ఎవరు చెప్పారో విడదీయడం ఇవాళ మనకు కష్టం. మీరు రాసేటప్పుడు ఆ కష్టం మీ తరువాతివాడికి మిగల్చకండి.

మీ ఊరికి ఆధారాలు ఎక్కడ ఉన్నాయి

దూరవిద్యలో చదువుతున్నామే, రోజూ కళాశాలకు వెళ్లే అవకాశం లేదే అని మీలో కొందరికి చింత ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం లాభం మీదే. స్లేటర్ విద్యార్థులు సెలవుల కోసం ఎదురుచూడవలసి వచ్చింది, మీరు ఏడాది పొడవునా మీ ఊళ్లోనే ఉంటారు. చెరువు నిండినప్పుడూ చూస్తారు, ఎండినప్పుడూ చూస్తారు. కాబట్టి ఉదాహరణకు మీ ఊరి చెరువునే తీసుకుందాం.

మొదట మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, సగంమంది ఇక్కడే దారి తప్పుతారు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనివి. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటువి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, వెంకటగిరి వంటివి ఇందులో చేరాయి. మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. కనుక మదనపల్లె దగ్గరి పల్లె గురించి రాసేవారు పంతొమ్మిదో శతాబ్దపు సమాచారం కోసం చిత్తూరు పేరుతో వెతికితే ఏమీ దొరకదు. చంద్రగిరి వైపు వారు ఆర్థర్ కాక్స్ 1881లో రాసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ చూడాలి. హెరాల్డ్ స్టూవర్ట్ సవరించిన 1895 ముద్రణ ఇంకా వివరంగా ఉంటుంది.

తరువాత శాసనాలు. తిరుపతి ప్రాంతానికి ఈ విషయంలో ఎక్కువ జిల్లాలకు లేని భాగ్యం ఉంది. తిరుమల, తిరుపతి ఆలయాల్లోని వెయ్యికి పైగా శాసనాలను దేవస్థానం 1930లలో సంపుటాలుగా ప్రచురించింది. వాటిపై సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి రాసిన నివేదిక 1930లో వచ్చింది. శాసనాల్లో అధికభాగం తమిళంలో ఉన్నాయి. భక్తులు స్వామివారి నైవేద్యాలకు ఇచ్చిన ధనాన్ని ఆలయం తన గ్రామాల్లో చెరువులు తవ్వడానికీ, కాలువలు బాగుచేయడానికీ వెచ్చించడం, పెరిగిన పంటలో వచ్చే భాగంతో ఆ నైవేద్యం జరపడం - విజయనగర కాలపు శాసనాల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో మధ్యయుగ ఆలయాల ఆర్థిక పాత్రపై రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ఆధారం ఈ తిరుపతి శాసనాలే. మీ ఊరు అప్పట్లో దేవస్థానం గ్రామమైతే, మీ చెరువు ప్రస్తావన ఆ సంపుటాల్లో ఉండవచ్చు. ఊళ్ల పేర్లు తమిళ రూపాల్లో ఉంటాయి. ఓపికగా వెతకండి, తమిళం చదవగల మిత్రుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి.

శాసనం దొరికింది కదా అని తేదీ దొరికినట్టు కాదు. తిరుమలలో భోగ శ్రీనివాసమూర్తి వెండి ప్రతిమను సమర్పించిన సామవై శాసనం మీకు తెలిసే ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట అది క్రీ.శ. 614 అని, మరోచోట 966 అని కనిపిస్తుంది. మూడున్నర శతాబ్దాల తేడా. శాసనంలో శకవర్షం లేదు, ఉన్నది ఒక రాజు పాలనలో 14వ సంవత్సరమని మాత్రమే. ఆ రాజు ఎవరో నిర్ణయించడంలో పండితులు వేరువేరు మార్గాలు పట్టారు, అందుకే రెండు తేదీలు వచ్చాయి. ఈ సంగతి చెప్పకుండా ఏదో ఒక అంకె ఎత్తిరాసిన పుటలు ఆన్‌లైన్‌లో ఎన్నో ఉన్నాయి. మీరు వాటికి మరొకటి చేర్చవద్దు. 'శాసనం చెప్పేది ఇంత, తేదీ ఫలానా వారి నిర్ణయం' అని రెండు ముక్కలుగా రాయండి.

రెవెన్యూ ఆధారాల దగ్గరికి వద్దాం. తహసీల్దారు కార్యాలయంలో మనవాళ్లు డైగ్లాట్ అని పిలిచే పాత సెటిల్‌మెంటు రిజిస్టరులో చెరువు సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. గ్రామ పటమూ, అడంగలూ పక్కన పెట్టుకుని చూస్తే నాటి విస్తీర్ణానికీ నేడు నీళ్లు నిలిచే విస్తీర్ణానికీ ఉన్న తేడా కంటికి కనిపిస్తుంది. నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవలసి ఉంటుంది. ఒకసారి తిరిగితే పని కాదు, ముందే చెబుతున్నాను.

ఇక మనుషులు. నీరుగంటి కుటుంబం, ఆయకట్టు రైతులు, చెరువులో చేపలు పట్టేవారు, కట్ట మీద బట్టలు ఉతికినవారు. వీరిలో ఆడవారిని తప్పక అడగండి. కరువులో నీళ్లు ఎక్కడినుంచి మోశారో చెప్పగలిగేది వారే. పెద్దలు సంవత్సరాన్ని అంకెల్లో చెప్పరు. 'మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు' అంటారు, 'ధాత కరువులో' అంటారు. ఆ మాటను అలాగే రాసుకుని, లెక్క పక్కన వేరే రాయండి. ధాత నామ సంవత్సరం 1876-77లో వచ్చింది, ఆ మహా కరువుకే ఆ పేరు నిలిచింది. కానీ అరవై ఏళ్లకు మళ్లీ 1936-37లోనూ, ఇంకో అరవై ఏళ్లకు 1996-97లోనూ ధాత వచ్చింది. తాత ఏ ధాత గురించి చెబుతున్నాడో ఆయన వయసుతో సరిచూడకపోతే మీ చెరువు అరవై ఏళ్లు ముందో వెనుకో తెగిపోతుంది!

ప్రచురణ

రాసినదాన్ని ఆన్‌లైన్‌లో ఎక్కడ పెట్టాలి? చాలామందికి మొదట తట్టేది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞానసర్వస్వానికి మన ఊరితో పరిచయం ఉంది. 2015 ఫిబ్రవరిలో దాని పదకొండవ వార్షికోత్సవం తిరుపతిలోనే జరిగింది. మన గ్రామాల పేజీలు వేలకొద్దీ అందులో ఉన్నాయి, చాలావాటిలో జనగణన అంకెలకు మించి ఎక్కువ సమాచారం లేదు. కాబట్టి మీరు చేయగలిగింది ఎంతో ఉంది. అయితే ఒక నియమం తెలుసుకోండి: వికీపీడియా సొంత పరిశోధనను అంగీకరించదు. అచ్చయిన ఆధారం చూపగలిగితేనే వాక్యం నిలుస్తుంది. కాక్స్ మాన్యువల్‌లోని సంగతి, శాసన సంపుటంలోని సంగతి అక్కడ రాయవచ్చు. మీ తాత చెప్పిన సంగతి రాస్తే మరుసటి రోజు ఎవరో తీసివేస్తారు. అది మీ తాతను అవమానించడం కాదు. విజ్ఞానసర్వస్వానికీ పరిశోధన నివేదికకూ మధ్య ఉన్న తేడా అది.

ఈ తేడా, ఇంకా ఎన్నో, చెప్పకుండా తరగతులను అటు పంపితే ఏమవుతుందో పుణెలో తేలింది. 2011లో అక్కడి కొన్ని కళాశాలల విద్యార్థుల చేత ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసాలు రాయించే కార్యక్రమం మొదలుపెట్టారు. వందలమంది చేరారు. మార్కులున్నాయి, గడువుంది. చాలామంది పాఠ్యపుస్తకాల నుంచీ వెబ్‌సైట్ల నుంచీ పేరాలకు పేరాలు ఎత్తి అతికించారు. కాపీహక్కుల ఉల్లంఘనలు సరిచేయలేక అక్కడి స్వచ్ఛంద సంపాదకులు విసిగిపోయారు, ఆ ఏడాది చివరిలోపే కార్యక్రమం ఆగిపోయింది. విద్యార్థులను తిట్టడం సులువు. నా మటుకు నాకు ఉపాధ్యాయులదే ఎక్కువ బాధ్యత అనిపిస్తుంది. పరీక్షలో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే పూర్తి మార్కులిచ్చి, ఒక్కసారిగా సొంతమాటల్లో రాయమంటే వారికి ఎలా వస్తుంది? ముప్పై నివేదికల్లో పన్నెండింటికి ఒకే ఉపోద్ఘాతం ఉండటం, ఒకదానిలో పక్క ఊరి పేరు మార్చడం మరచిపోవడం నేను స్వయంగా చూశాను.

సొంత క్షేత్రపరిశోధనకు తగిన చోట్లు వేరే ఉన్నాయి. పాత్రికేయుడు పి.సాయినాథ్ 2014లో స్థాపించిన గ్రామీణ భారత జనభాండాగారం 'పరి' విద్యార్థులు రాసిన కథనాలను కూడా సంపాదకుల పరిశీలన తరువాత ప్రచురిస్తోంది. అందులోని రచనలు తెలుగులోకీ అనువాదమవుతున్నాయి. అక్కడ మీ తాత మాటకు చోటుంది, ఆయన ఫొటోకూ చోటుంది. పూర్తి నివేదికను పీడీఎఫ్‌గా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంచవచ్చు. ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టడాన్ని నేను ప్రచురణగా లెక్కించను. నాలుగు రోజుల తరువాత మీరే వెతికి పట్టుకోలేరు.

ప్రచురించే ముందు ఒక జాగ్రత్త. కాగితం మీద నివేదికను చదివేది ఇద్దరు ముగ్గురు. ఆన్‌లైన్‌లో మీ ఊరివారే చదువుతారు. చెరువు విస్తీర్ణం తగ్గిందని రాస్తే, ఎవరి పొలం పెరిగిందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మీకు మాట చెప్పిన ముసలాయన మరునాడు అదే వీధిలో నడవాలి. కనుక రికార్డులో ఉన్న అంకెలను రికార్డు పేరుతోనే రాయండి. మనిషి చెప్పినదాన్ని, ఎక్కడ ప్రచురిస్తారో ముందే వివరించి, అతను ఒప్పుకుంటేనే పేరుతో రాయండి. ఒప్పుకోకపోతే 'ఆయకట్టు రైతు, డెబ్బై ఏళ్లు పైబడినవారు' అని చాలు. రాసినది వారికి చదివి వినిపించండి. ఒక్కోసారి అప్పుడే అసలు సంగతులు బయటికి వస్తాయి.

ఆన్‌లైన్‌లో పెట్టినంత మాత్రాన శాశ్వతమనుకోకండి. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ ఒక కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. వేల పాఠశాలల పిల్లలు తమ ప్రాంతాల గురించి రాసి పంపారు, ఫొటోలు తీశారు. అవన్నీ లేజర్ డిస్కుల్లో నిక్షిప్తం చేశారు. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు కరవయ్యాయి. తోలు మీద సిరాతో రాసిన 1086 గ్రంథం మాత్రం ఇప్పటికీ చదువుకోవచ్చు. ఎంతో శ్రమపడి డిస్కుల్లోని సమాచారాన్ని 2011లో వెబ్‌సైటుగా పెట్టారు, 2018లో బీబీసీ ఆ వెబ్‌సైటును కూడా మూసింది. బ్రిటన్ జాతీయ అభిలేఖాగారం నకలు దాచి ఉంచబట్టి మిగిలింది. థింక్‌క్వెస్ట్ అనే పోటీ 1996 నుంచి ప్రపంచమంతటా విద్యార్థి బృందాల చేత విద్యావిషయక వెబ్‌సైట్లు చేయించింది, వాటిని ఒక గ్రంథాలయంగా ఉంచింది. 2013లో ఆ గ్రంథాలయం మొత్తం మూతపడింది.

ఇటువంటి సంగతికి తిరుమలలోనే మరో ఉదాహరణ ఉంది. తాళ్లపాక కవుల సంకీర్తనలు పదహారో శతాబ్దంలో రాగిరేకుల మీదికి ఎక్కాయి. సంకీర్తన భాండాగారంలో భద్రంగానే ఉండేవి. అయినా అవి అచ్చులో చదువరులకు అందింది ఇరవయ్యో శతాబ్దంలోనే, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారి కృషి వల్ల. డిస్కు చెడి పోయిన సమాచారం ఒకటైతే, రేకు చెడకపోయినా ఎవరికీ అందని సమాచారం ఇంకొకటి.

అందుచేత మీ నివేదికను కనీసం మూడు చోట్ల ఉంచండి. ఆన్‌లైన్‌లో ఒకటి. మీ అధ్యయన కేంద్రంలో ఒకటి. మూడోది కాగితం మీద ముద్రించి, కుట్టించి, మండల శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. గ్రంథాలయాధికారి దాన్ని రిజిస్టరులో ఎక్కించి నంబరు వేసేదాకా కదలకండి. నంబరు లేని పుస్తకం తరువాతి సర్దుబాటులో ఎక్కడికి పోతుందో చెప్పలేము. మొదటి పుటలో మీ పేరు, ఊరు, మండలం, అప్పటి జిల్లా, సర్వే నంబరు, మీరు క్షేత్రంలో తిరిగిన తేదీలు ఉండాలి. చివరి పుటలో ఎవరెవరితో ఎప్పుడు మాట్లాడారో, ఏ రిజిస్టరు ఏ కార్యాలయంలో చూశారో రాయాలి. చేతితో గీసిన పటం ఉంటే దాన్ని మళ్లీ కంప్యూటరులో అందంగా గీయించనక్కరలేదు. ఉత్తరం ఎటో బాణం గుర్తు పెట్టి, తూములు ఎన్నో, మరవ ఏ వైపో చూపించి, ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేయండి.